వానమింగుడి మెడ

తల మెడలోకి జారిపోయింది.

ముందు బాగానే కూర్చుంది. పెద్ద కోడలు చేతులు తీసింది. చిన్న కోడలు చేతులు తీసింది. అత్తగారు "హమ్మయ్య" అనబోయింది. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తల ఒక పక్కకి ఒరిగి, మెడ లోపలి అంచు తప్పి, గరగరమంటూ కిందికి దిగింది. చెవులు రెండూ అడ్డంపడి ఆపాయి గానీ, లేకపోతే సరాసరి పొట్టలోకే పోయేది.

ఇప్పుడు పైకి కనిపిస్తున్నవి రెండు చెవులు, ఒక నున్నటి నుదురు, మెడ అంచు మీంచి బయటికి తొంగిచూస్తున్న రెండు గుండ్రటి కళ్ళు. అంతే.

దాని పేరు వానమింగుడు. నడుమెత్తు మట్టిబొమ్మ. కప్ప కాళ్ళు, కుండలాంటి పొట్ట, పొట్టనిండా చేప పొలుసులు, వీపు మీద ఎగరడానికి ఎందుకూ పనికిరాని రెండు పొట్టి రెక్కలు. వానని తాగి దాచుకుని, ఎండలప్పుడు తోటలకి పోస్తుందని ఆ ఇంట్లోవాళ్ళే దానికొక కథ కట్టారు. పిల్లల కోసం కొత్తగా తెరుస్తున్న గ్రంథాలయంలో, గుమ్మం దాటగానే అది నిలబడాలి. లైబ్రరీ మేడమ్ ఈ ఉదయమే చూడ్డానికి వస్తోంది. కొడుకులిద్దరూ తెల్లారగానే అక్కడికి వెళ్ళి దాని కోసం దిమ్మె కడుతున్నారు.

పనిగది గోడ అల్మారాలోంచి రెక్కల తాబేళ్ళు, నక్కతోక గుడ్లగూబ, ప్రతి ఇంట్లోనూ ఒక్కో మేజోడే ఎత్తుకుపోయే మేజోళ్ళ దొంగ, అన్నీ ఇటే చూస్తున్నట్టున్నాయి.

"అత్తయ్యా," అంది చిన్న కోడలు గోడవైపు చూస్తూ, "మెడ మరీ వదులుగా చేసిందని చెప్పండి ఆవిడకి."

"అత్తయ్యా," అంది పెద్ద కోడలు కిటికీవైపు చూస్తూ, "తల మరీ చిన్నగా చేసిందని చెప్పండి ఆవిడగారికి."

అత్తగారు ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆ ఇద్దరి మధ్యా ఉన్న దూరం ఒక బొమ్మంత. ఒకరి మాట ఒకరికి నిక్షేపంగా వినబడుతోంది.

"నేనేం చెప్పను," అంది ఆమె. "మాటలు మొయ్యనని మీకు మాటిచ్చాను కదమ్మా."

ఇచ్చింది, నిజమే. పోయిన వారం, గొడవ ముదిరినప్పుడు, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా చెప్పి మీరే చల్లారనివ్వడం లేదని కోడళ్ళిద్దరూ చెరోవైపు నుంచీ ఆమె మీద పడ్డారు. ఆ వారం మొత్తం మీద వాళ్ళిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే. ఆమె దేవుడికి దణ్ణం పెట్టి ఒట్టేసుకుంది. అప్పటినుంచీ అత్తగారు ముందుగదికీ వెనకగదికీ మధ్య మట్టి మోసింది, నీళ్ళు మోసింది, టీ మోసింది. మాట మాత్రం మొయ్యలేదు.

గుమ్మం పక్కన అట్టపెట్టెలు ఉన్నాయి. చిన్న కోడలివి. పుల్లలు, తీగలు, కుంచెలు, ఆమె చేసుకున్న ముఖాల అచ్చులు, అన్నీ పాత గుడ్డల్లో చుట్టి సర్దేసింది. బస్టాపు దగ్గర ఒక గది చూసుకుంది. వానమింగుడు పూర్తయ్యేదాకా ఉంటాననీ, అయ్యాక తన పని తనదేననీ అంది. వ్యానుని కూడా ఈ ఉదయమే రమ్మంది. పని వేరుపడితే పొయ్యి వేరుపడటానికి ఎంతసేపని అత్తగారి బెంగ.

అందుకే తల జారినప్పుడు ఆమె గుండె గుభేలుమంది కానీ, ఆ గుండెలోనే ఒక మూల చిన్న సంతోషం కూడా లేచింది. పూర్తవలేదు కదా. పూర్తవకపోతే వెళ్ళలేదు కదా. పిల్లల బొమ్మ పాడైతే సంతోషపడటం పాపమేనా, లేక ఆ సంతోషాన్ని ఇచ్చింది కూడా ఆ దేవుడేనా అని ఆమెకి సందేహం వచ్చింది. తీరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది. ఇప్పుడు తీరిక లేదు.

"ఆ తాడు ఏదీ?" అంది పెద్ద కోడలు.

తాడు అత్తగారి కొంగున ముడేసి ఉంది. పచ్చిమట్టి మీద మెడ వెడల్పు కొలిచి, రెండు ముళ్ళు వేసి, పెద్ద కోడలు ఇచ్చిన తాడు అది. దాన్ని వెనకగదికి మోసుకెళ్ళి చిన్న కోడలికి అందించింది అత్తగారే. ఆ కొలతకే తల అడుగు చేసింది చిన్నామె. కుండ మీద మూత కూర్చున్నట్టు తల మెడమీద కూర్చోవాలి. విడివిడిగా కాల్చి చివర్లో కలపాలి. ఎప్పుడూ చేసే పనే. కాకపోతే ఎప్పుడూ ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని చేస్తారు. తాడుతో పనే ఉండదు.

పెద్ద కోడలు తాడు తీసుకుని మెడకి అడ్డంగా పట్టింది. ముడికీ అంచుకీ మధ్య కొంచెం తాడు మిగిలింది. తాడు తిరిగి అత్తగారి చేతికిచ్చేసింది.

"చూశారా అత్తయ్యా? కాలాక మెడ ఇంకా ఇరుకైంది. తాడే పొడుగుంది. వదులుట, వదులు."

"నేను ఆ తాడుకి వెంట్రుకంత కూడా తగ్గించలేదు అత్తయ్యా. ముడి నుంచి ముడికి పెట్టి కోశాను. కావాలంటే ప్రమాణం చేస్తాను."

"ప్రమాణాలు చేస్తే తల లావెక్కుతుందేమో అడగండి."

"నోరు చేస్తే మెడ సన్నబడుతుందేమో మీరే అడగండి."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అత్తగారికి ఆ సంగతి తెలుసు. ఇద్దరూ నిజం చెబుతుంటే తల ఎందుకు జారిందో కూడా తెలుసు. ఆమె చూపు నేలమీదికి దిగింది.

మామగారు బట్టీ దగ్గర్నుంచి టీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. బట్టీ చూసుకునేది ఆయన. మాటలు తక్కువ. మంట దగ్గర కూర్చునేవాడికి మాట్లాడే పనేముంటుందని ఆయన వాదన. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, అంచు మీంచి తొంగిచూస్తున్న ఆ కళ్ళలోకి చూశాడు.

"పాపం," అన్నాడు. "మీ ఇద్దర్నీ చూడలేక తల లోపల పెట్టేసుకుంది."

ఎవరూ నవ్వలేదు. చిన్న కోడలు మాత్రం కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుంది.

ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టి, వేలి కణుపుతో మెడమీద కొట్టాడు. డబ్ అంది. నుదుటి మీద కొట్టాడు. ఠంగుమంది. మళ్ళీ మెడ, మళ్ళీ నుదురు.

"రెండూ ఒక మట్టి కాదే," అన్నాడు. "రంగుల కింద తెలియలేదు గానీ, ఒళ్ళు గరుకుమట్టి. తల తెల్లమట్టి."

ఇక ఎవరికీ ఏమీ విప్పి చెప్పక్కర్లేదు. ఇటుకపొడి కలిపిన గరుకుమట్టి కాలితే కాస్తే ముడుచుకుంటుంది. మెత్తటి తెల్లమట్టి ఎండేటప్పుడూ ముడుచుకుంటుంది, కాలేటప్పుడూ ముడుచుకుంటుంది. ఆ ఇంట్లో ఇది వంటలో ఉప్పులాంటి సంగతి. ఒక బొమ్మకి కావలసినదంతా ఒకే ముద్దలోంచి తీస్తారు. ఒళ్ళూ తలా వేరువేరు మట్టితో చేయడమన్నది ఆ ఇంట్లో ఎవరికీ తోచనైనా తోచని పొరపాటు. తోచనిది జరగడానికి వారం రోజుల మౌనం సరిపోయింది.

"తెల్లమట్టి ఎందుకు తీశావమ్మా?" అన్నాడు మామగారు.

"గరుకుమట్టి ముందుగదిలో ఉంది మావయ్యా," అంది చిన్న కోడలు. మళ్ళీ గోడవైపు తిరిగి, "ముందుగదిలో ఆవిడ ఉంది," అంది.

"నేనేమన్నా కరుస్తానా?" అంది పెద్ద కోడలు. మొదటిసారి కిటికీకి కాకుండా మనిషికి చెప్పింది. చెప్పినట్టు తెలిశాక మళ్ళీ కిటికీవైపు తిరిగింది.

"సరే. తెల్లమట్టి తీసింది. మరి ఎవరూ చూడలేదా?" అన్నాడు మామగారు.

చూసింది అత్తగారే. చేతిలో తాడుతో వెనకగదిలోకి వెళ్ళినప్పుడు బల్లమీద ముద్ద తెల్లగా ఉండటం ఆమె కళ్ళారా చూసింది. ఆ ఇంట్లో ప్రతి బోలుబొమ్మకీ ఊపిరి తూటు పొడిచేది ఆమే. లోపలి ఆవిరికి దారి లేకపోతే బొమ్మ బట్టీలో పేలిపోతుంది. తూటు పొడుస్తూ ఒక చిన్న ప్రార్థన చేసుకుంటుంది. ఈ తలకీ పొడిచింది. సూది మెత్తగా, వెన్నలోకి దిగినట్టు దిగింది. అప్పుడు కూడా తెలిసింది.

"నేను చూశాను," అంది.

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు.

"చూసి చెప్పలేదా అత్తయ్యా?" పెద్ద కోడలు.

"నాకైనా చెప్పచ్చు కదా," చిన్న కోడలు.

"ఎలా చెప్పనమ్మా? తాడు మొయ్యమన్నారు, మోశాను. మాట మొయ్యద్దన్నారు, మొయ్యలేదు. 'అక్క గరుకుమట్టితో చేస్తోంది' అంటే అక్కడి మాట ఇక్కడ చెప్పినట్టు. 'చిన్నది తెల్లమట్టి తీసింది' అంటే ఇక్కడి మాట అక్కడ చెప్పినట్టు. నేను రెండు రాత్రులు పడుకుని ఆలోచించాను. మట్టి రంగు చెప్పడం మాట కిందికి వస్తుందా రాదా అని. దేవుణ్ణి అడిగాను. ఆయన కూడా ఏం చెప్పలేదు. ఆయనకి కూడా మీరిద్దరూ ఏమన్నా చెప్పారేమో అనుకున్నాను."

కోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కావాలని కాదు. ఇద్దరూ ఆమెనుంచి చూపు తప్పించుకోబోయి, పోయి పోయి ఎదురుపడ్డారు.

పెద్ద కోడలి పొట్ట కదిలింది. ఆమెకి నవ్వు ముందు పొట్టలో పుడుతుంది. గొంతుదాకా రానివ్వకుండా బిగబట్టింది.

"సరే, సరే," అంది గొంతు సవరించుకుని. "ముందు దాన్ని బయటికి తియ్యాలి. మేడమ్ వచ్చే వేళయింది."

తియ్యడం అంత తేలిక కాదు. చెవుల మొదళ్ళు అంచులో ఇరుక్కున్నాయి. లాగితే విరుగుతాయి. బొమ్మని వెనక్కి వంచి, లోపలికి చెయ్యి పెట్టి, గడ్డం కింద నుంచి పైకి నెట్టాలి. ఒళ్ళు మొయ్యగల చేతులు పెద్ద కోడలివి. మెడలో దూరగల చెయ్యి చిన్న కోడలిది.

మామగారు పాత బొంత తెచ్చి బొమ్మ వెనక పరిచాడు. పెద్ద కోడలు రెక్కల కింద చేతులు వేసింది.

"పట్టుకున్నావా?" అంది చిన్న కోడలు.

"పట్టుకున్నా. నువ్వు నిదానం."

"చెయ్యి దూరటం లేదు. ఇంకాస్త వంచు."

"ఇంకా వంచితే నా నడుము నీ అట్టపెట్టెలో సర్దాల్సిందే. ఆగు. ఊఁ. ఇప్పుడు?"

"తగిలింది. గడ్డం తగిలింది. అక్కా, కదపకు."

అక్కా అంది. ఆ పిలుపు వారం తరవాత ఆ గదిలో వినబడింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. దణ్ణం పెట్టడానికి చేతులు ఖాళీగా లేవు, కప్పకాలొకటి పట్టుకుని ఉంది. మనసులోనే పెట్టింది. ఏ జిరాఫీనో చేసిన రోజు ఆ దేవుడు కూడా ఇలాగే మెడ దగ్గర తంటాలు పడి ఉంటాడని ఆమెకి తోచింది. అంత మెడ చేసి, దానిమీద అంత చిన్న తల పెట్టి, పక్కవాళ్ళు ఏమంటారోనని చూసుకోకుండా లోకంలోకి వదిలేశాడు. అలాంటివాడు ఈ వానమింగుణ్ణి చూస్తే కోప్పడతాడా, ముచ్చటపడతాడా? కోప్పడడనే ఆమె నమ్మకం.

"అయ్యో," అంది చిన్న కోడలు.

"ఏం? విరిగిందా?"

"కాదు."

చెయ్యి మోచేతి దాకా మెడలో ఉండగానే ఆమె పక్కకి వంగి బొమ్మ అడుగు చూస్తోంది. వెనక్కి వంచడంతో అడుగుభాగం మొత్తం కనిపిస్తోంది. నున్నగా, ఎర్రగా, ఖాళీగా ఉంది.

అక్కడ ఖాళీగా ఉండకూడదు. ఆ ఇంటినుంచి బయటికి వెళ్ళే ప్రతి బొమ్మ అడుగునా రెండు బొటనవేళ్ళ ముద్రలుంటాయి. ఒళ్ళు చేసినామెది ఒకటి, ముఖం చేసినామెది ఒకటి. మట్టి పచ్చిగా ఉండగానే వెయ్యాలి. పోయిన వారం గొడవంతా దానిమీదే. ఒక దుకాణానికి వెళ్ళిన రెక్కల తాబేళ్ళన్నిటికీ అడుగున ఒక్క వేలే ఉంది, పెద్ద కోడలిది. నువ్వు పంటి డాక్టరు దగ్గర ఉన్నావు, మట్టి ఆగుతుందా, మట్టికి నీ పంటినొప్పి తెలుస్తుందా అంది ఆమె. నా ముఖాలు లేకపోతే నీ ఒళ్ళు వట్టి కుండలే అంది ఈమె. అయితే ఒళ్ళులేని ముఖాలు గోడకి తగిలించుకో అంది ఆమె. మర్నాటికి ఈమె బస్టాపు దగ్గర గది చూసింది.

"దీనికి నీ వేలు కూడా లేదేంటి?" అంది చిన్న కోడలు.

బరువు మోస్తున్నందుకో ఏమో పెద్ద కోడలి ముఖం ఎర్రబడింది.

"అక్కా, నిన్నే."

"మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?"

"వెయ్యలేదు. అంతే."

"ఎందుకు?"

"ఒక్కటే వేస్తే మళ్ళీ ఊరంతా చెబుతావని."

"అది కాదు. నిజం చెప్పు."

పెద్ద కోడలు వానమింగుడి రెక్కలోకి చూస్తూ మాట్లాడింది. "వెయ్యబోయాను. వేలు మట్టిదాకా వెళ్ళింది. పక్కన నీది లేకుండా నాదొక్కటే ఉంటే ఎలాగో ఉంది. పిలుద్దామంటే..." ఆగింది. "మాట్లాడుకోవట్లేదాయె. తాడు పంపినట్టు వేలు కూడా పంపమని అత్తయ్యకి చెప్పలేను కదా."

అత్తగారికి ముందు ఆ మాట అర్థమైంది. తర్వాత, తాను ఒక వేలు పట్టుకుని ముందుగదికీ వెనకగదికీ తిరుగుతున్నట్టు కళ్ళకి కట్టింది. ఆమె నోటినుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ముందు అదేమిటో ఎవరికీ తెలియలేదు. నవ్వు. మామగారి టీ పొరబోయింది. పెద్ద కోడలి పొట్ట ఊగడం మొదలుపెట్టింది. పొట్టతో పాటు బొమ్మా ఊగింది.

"నవ్వకు అక్కా, నా చెయ్యి," అంటూ చిన్న కోడలు కూడా మొదలుపెట్టింది. "చెయ్యి విరుగుతుంది, నవ్వకు."

"నువ్వు నవ్వకు, నేను ఆపుతాను."

"నువ్వు ముందు."

ఎవరూ ఆపలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. నుదుటి కింద ఆ రెండు గుండ్రటి కళ్ళు, ఏం కొంప మునిగిందోనన్నట్టు, అంచుమీంచి వాళ్ళవైపే చూస్తున్నాయి.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఒక గొడుగు కనబడింది. దాని వెనక లైబ్రరీ మేడమ్.

చాలా ఏళ్ళు పుస్తకాల మధ్య గడిపినందువల్ల ఆమె ఎక్కడైనా గుసగుసగానే మాట్లాడుతుంది. "లోపలికి రావచ్చా?" అంది గుసగుసగా.

లోపల కనిపించింది ఇది: బొంతమీదికి వాలిన ఒక వింత జంతువు, దాని వెనక ఏడుస్తున్నట్టు నవ్వుతున్న ఒక లావుపాటి మనిషి, దాని మెడలో మోచేతిదాకా చెయ్యిపెట్టిన ఒక బక్కపలచటి మనిషి, దాని కాలు పట్టుకుని నేలమీద కూర్చున్న ఒక పెద్దావిడ, దగ్గుతున్న ఒక పెద్దాయన.

నవ్వు టక్కున ఆగిపోయింది. చిన్న కోడలు చెయ్యి బయటికి లాక్కుంది. పెద్ద కోడలు బొమ్మని నిలబెట్టింది. తల ఇంకాస్త సర్దుకుని ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

"మేడమ్, ఇది ఇంకా పూర్తవలేదు," అంది పెద్ద కోడలు. "కొలతలో చిన్న తేడా వచ్చింది. తప్పు నాది. మెడ..."

"తప్పు నాదండి," అంది చిన్న కోడలు. "మట్టి నేను మార్చాను. కొత్త తల చేసిస్తాం. వారం రోజులు..."

"నాది కూడా," అంది అత్తగారు కిందనుంచి.

మేడమ్ ఎవరి మాటా వింటున్నట్టు లేదు. గొడుగు గోడకి ఆనించి, పిల్లల ఎత్తుకి మోకాళ్ళమీద కూర్చుంది. అక్కడినుంచి చూస్తే పొలుసుల పొట్ట, దానిపైన మెడ అంచు, అంచుమీద రెండు కళ్ళు. ఆమె కూడా ఆ కళ్ళకేసి అలాగే కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఇద్దరూ చాలాసేపు చూసుకున్నారు.

"ఏమైంది దీనికి?" అంది చివరికి, గుసగుసగా. "దేనికి భయపడింది?"

అత్తగారికి అబద్ధం చెప్పడం ఇష్టం ఉండదు. కానీ కథ చెప్పడం అబద్ధమా? అది కూడా ఇంకా తేలని ప్రశ్నే.

"వానకి," అంది.

"వానమింగుడు కదా ఇది. వానకి భయపడుతుందా?"

"మరేనమ్మా. మింగేది మింగుతుంది, భయపడేది భయపడుతుంది. ఉరిమితే తల లోపలికి లాక్కుంటుంది. వెలిశాక బయటికి పెడుతుంది. మనం మాత్రం, వచ్చుననుకున్న పనికి భయపడమా ఏం?"

మేడమ్ నవ్వింది. నవ్వు మాత్రం గుసగుస కాదు. అంత చిన్న మనిషిలో అంత నవ్వు ఎక్కడ పెట్టుకుందోగానీ అల్మారాలో తాబేళ్ళు కూడా అదిరాయి.

"మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగంమంది మొదటిరోజు అచ్చం ఇలాగే చూస్తారు, వాళ్ళమ్మ వెనకనుంచి," అంది లేస్తూ. "దీన్ని ముట్టుకోకండి. ఇలాగే ఇవ్వండి."

"కానీ మేడమ్," చిన్న కోడలి గొంతు సన్నబడింది. "దాని నోరు..."

ఆ నోటి కోసం ఆమె ఎక్కువ రోజులు పనిచేసింది. వాన పట్టుకోవడానికి దోసిలి పట్టినట్టుండే కింది పెదవి. అది మెడలో ఉండిపోయింది. ఇక ఎవరూ చూడరు.

ఆ సంగతి గ్రహించింది మేడమ్ కాదు, పెద్ద కోడలు. "మేడమ్," అంది, "గుమ్మానికి రెండోవైపు ఖాళీయే కదా. అక్కడ ఇంకోటి పెడితే? వాన వెలిశాక, తల బయటికి పెట్టినది. నోరు తెరుచుకుని. ఆ నోరు చూస్తే మీరు వదలరు. మా చెల్లి చేతిలో ఉంది ఆ నోరు."

"తప్పకుండా," అంది మేడమ్. "కానీ రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉండాలి. ఇవే చేతులు చెయ్యాలి. వేరేవాళ్ళు చేస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు."

ఇవే చేతులు. ఆ మాట గదిలో ఉండిపోయింది. చిన్న కోడలు చేతులకంటిన దుమ్ము చూసుకుంది. పెద్ద కోడలు ముక్కు తుడుచుకుంది. గుమ్మం పక్కన అట్టపెట్టెలు ఇందాక ఉన్నచోటే ఉన్నాయి.

వీధిలో హారను మోగింది.

"గది సామాను ఎక్కించాలన్నారు, ఇదేనా ఇల్లు?" వ్యాను డ్రైవరు గొంతు ముందు లోపలికి వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. వానమింగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కళ్ళకేసి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇది కూడా ఎక్కుతుందామ్మా? ముందు సీట్లోనా, వెనకా?"

"ముందు దీన్ని గ్రంథాలయం దగ్గర దింపి వెళ్ళగలరా?" అంది మేడమ్. "మీరు వెళ్ళే దారిలోనే."

"దింపుతా. కానీ ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. గుంతలో పడితే నా పూచీ లేదు."

"ఒకరు చాలరు," అంది పెద్ద కోడలు. "అటొకరూ ఇటొకరూ కూర్చోవాలి."

చిన్న కోడలు వద్దనలేదు.

మామగారూ డ్రైవరూ బొంతతో సహా బొమ్మని ఎత్తారు. తర్వాత అట్టపెట్టెలు ఎక్కాయి, ఒకటి తర్వాత ఒకటి. దింపమని చిన్న కోడలు అంటుందేమోనని అత్తగారు చూసింది. అనలేదు. వద్దని పెద్ద కోడలైనా అంటుందేమోనని చూసింది. ఆమె పెట్టెలు సర్దుతోంది, కుంచెలున్నది పైన పెట్టమని డ్రైవరుకి చెబుతోంది.

నవ్వుకున్నారు కదా. అక్కా అంది కదా, చెల్లీ అంది కదా. మరి పెట్టెలెందుకు ఎక్కుతున్నాయి? అత్తగారికి లోపల ఆవిరి నిండినట్టయింది. మనిషికి కూడా ఊపిరి తూటు ఎక్కడో పెట్టే ఉంటాడు దేవుడు. దాన్ని వెతుక్కోవడమే చేతకాదు.

పెద్ద కోడలు వ్యాను ఎక్కబోయి ఆగింది.

"ఆ గదికి కిటికీ ఎటువైపే?"

"తూర్పు," అంది చిన్న కోడలు లోపలినుంచి. "పొద్దున్నే వెలుతురు సరాసరి బల్లమీద పడుతుంది. ఇక్కడిలా నీడలో కళ్ళు చిట్లించుకోనక్కర్లేదు."

"పెద్దదేనా?"

"కిటికీయా?"

"గది."

చిన్న కోడలు వానమింగుడి మీదుగా తల బయటికి పెట్టి చూసింది. దాని చెవుల పక్కన ఆమె ముఖం ఒక్కటే కనిపించింది.

"నువ్వే చూద్దువుగాని," అంది.

పెద్ద కోడలు గుమ్మంలోకి తిరిగి వచ్చింది. చెయ్యి చాపింది.

"అత్తయ్యా, ఆ తాడు ఇలా ఇవ్వండి."

"ఎందుకే?"

"రెండు బల్లలు ఎదురెదురుగా పడతాయో లేదో కొలుస్తాను."

అత్తగారి చేతిలోంచి తాడు వెళ్ళిపోయింది. వ్యాను కదిలింది. వెనక తలుపు సందులోంచి ముందు రెండు గుండ్రటి కళ్ళు, వాటికి అటూఇటూ ఇద్దరు కోడళ్ళు కనిపించారు. ఇద్దరూ ఒకేసారి ఏదో చెబుతున్నారు, ఒకరు ముగించేదాకా ఇంకొకరు ఆగడం లేదు. ఎప్పుడూ ఆ బల్ల దగ్గర మాట్లాడుకున్నట్టే.

వీధి చివర వ్యాను మలుపు తిరిగింది.

మామగారు ఖాళీ టీ గ్లాసు చేత్తో పట్టుకుని పక్కకొచ్చి నిలబడ్డాడు. "బాగానే ఉంది," అన్నాడు. "మరి బట్టీ ఇక్కడ కదా?"

అత్తగారు, వారం రోజులుగా రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని ఏమని అడిగిందో గుర్తుచేసుకుంటోంది. ఇద్దర్నీ మళ్ళీ ఎదురెదురుగా కూర్చోబెట్టు తండ్రీ అని అడిగింది. పొల్లు పోకుండా అదే అడిగింది.

ఏ ఇంట్లో అన్నది మాత్రం చెప్పలేదు.